లాపాజ్‌కు దారి ఎల్లారెడ్డి మీదుగా

మా అక్క బిడ్డ కొత్త సంచి కొన్నది. వీపుకు తగిలించుకునేది, అరవై లీటర్లది. సంచిని లీటర్లలో కొలవడమేమిటో మా అక్కకి ఎంత చెప్పినా ఎక్కలేదు. "అండ్ల పాలు పోస్తవా ఏందే?" అన్నది. పిల్ల నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు. ఇరవై మూడేళ్ల వయసు, మాదాపూర్‌లో ఉద్యోగం, రెండేళ్లు చీటీ కట్టి ఎత్తుకున్న మూడు లక్షలు, పదిహేను రోజుల సెలవు. ఆ డబ్బుతో దక్షిణ అమెరికా పోతానంటుంది. బొలీవియా దేశం, లాపాజ్ నగరం. ఒక్కతే.

ఇంట్లో రభస అయ్యాక పంచాయితీ నా దగ్గరికి వచ్చింది. "నువ్వన్నా చెప్పు" అని ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేశారు. వద్దని చెప్పమని తల్లి, సరేనని చెప్పమని కూతురు. నేను లెక్క అడిగాను. మన వైపు నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. యూరప్ మీదుగానో బ్రెజిల్ మీదుగానో రెండు మూడు మార్లు మారి పోవాలి. రానూపోనూ టికెట్‌కే లక్ష ఎప్పుడో దాటిపోతుంది. వీసాలు, బీమా, టీకాలు పోను పిల్ల చేతిలో మిగిలేది రోజుకు రెండు వేలు. అందులోనే పడక, తిండి, తిరుగుడు. "చాలుతయి చిన్నమ్మా, అందరూ గట్లనే తిరుగుతున్నరు" అంది.

తిరుగుతున్న మాట నిజమే. లాపాజ్ తక్కువ డబ్బుతో తిరిగేవాళ్లకి పేరున్న ఊరు. ఆండీస్ కొండల నడుమ గిన్నెలా ఉన్న లోయలో, సముద్రమట్టానికి 3,600 మీటర్ల పైన ఉంటుంది. విమానం దిగేది ఇంకా ఎత్తున, ఎల్ ఆల్తో అనే జంట ఊళ్లో, 4,000 మీటర్లు దాటిన చోట. కొత్తవాళ్లకి దిగీ దిగగానే తల పట్టేస్తుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అక్కడివాళ్లు కోకా ఆకుల కషాయం ఇచ్చి కూర్చోమంటారు. ఊళ్లో బస్సులతో పాటు తలకాయల మీదుగా తీగెల మీద నడిచే డబ్బాలు. 2014లో మొదలయ్యాయి. మూడు బొలీవియానోల టికెట్‌తో ఒక లైను ఎక్కితే ఊరంతా కాళ్ల కింద కనబడుతుంది. పర్యాటకుల కోసం పెట్టినవి కావు, పనికి పోయే జనం ఎక్కేవి. చవగ్గా తిరిగేవాడు అదే ఎక్కుతాడు. మధ్యాహ్నం మార్కెట్లో బల్ల మీద భుజాలు రాసుకుంటూ కూర్చుని, ముందు సూపు, వెనక అన్నం, మాంసం, ఆలుగడ్డ, అన్నీ ఒకే ధరకి తింటాడు. ఆ పూటభోజనాన్ని వాళ్లు ఆల్ముయెర్సో అంటారు. రాత్రి ఎనిమిది మంది పడుకునే గదిలో ఒక మంచం.

ఇంకో తమాషా ఉంది. రాజ్యాంగం ప్రకారం బొలీవియా రాజధాని లాపాజ్ కాదు, సుక్రే. సుప్రీంకోర్టు అక్కడ. అధ్యక్షుడు, పార్లమెంటు లాపాజ్‌లో. రాజధానిని ముక్కలుగా పంచుకోవడం గురించి తెలుగువాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు కాబట్టి ముందుకు పోదాం.

"సరే, పో" అన్నాను. "కానీ ముందు నాతో మూడు రోజులు రా. ఇద్దరికీ కలిపి మూడు వేలు. కామారెడ్డి, ఎల్లారెడ్డి. అక్కడ తట్టుకుంటే లాపాజ్‌లో తట్టుకుంటవు." బొలీవియా నుంచి తిరిగొచ్చేవాళ్లు మన దేశంలో దిగాలంటే ఎల్లో ఫీవర్ టీకా కాగితం చూపాలి. దానికోసం నారాయణగూడ ఐపీఎం టీకా కేంద్రానికి పోయి సూది వేయించుకుంది అప్పటికే. "ఎల్లో ఫీవర్ అయిపోయింది, ఇగ ఎల్లారెడ్డి" అని తనే అంది. అప్పుడు నవ్వింది.

* * *

సంక్రాంతి దాటిన వారం, కాచిగూడలో రైలెక్కాం. సంచి బరువు ఇంట్లో తూచితే పదమూడు కిలోల ఎనిమిది వందలు. జనరల్ బోగీలో అంత సంచి వీపున ఉన్న మనిషికి మర్యాద దక్కదు. అటు తిరిగితే ఇటు ఒకరి మొహానికి తగులుతుంది. ఒకావిడ రెండు ముల్లెలు, ఒక కోడిపిల్లల గంప, చంకలో బిడ్డతో మా కంటే తేలిగ్గా ఎక్కి, సీటు సంపాదించి, మా పిల్లని పైనుంచి కిందికి చూసి "గండ్ల ఏమున్నదమ్మా?" అని అడిగింది. పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. పడుకునే సంచి, రెండు జతల బూట్లు, జుట్టు ఆరబెట్టే యంత్రం, ఐదు పుస్తకాలు, మెడ దిండు... మెడ దిండు దగ్గర ఆవిడ ఆపింది. "మెడకు దిండెందుకు, భుజమున్నది గద" అని తన భుజం చూపించింది. మేడ్చల్ దాటేసరికి పిల్ల ఆ భుజం మీదే నిద్రపోయింది.

ఈ దారి పాతది. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, హైదరాబాదు చేరి, నిర్మల్ మీదుగా నాగపూరు వైపు సాగిపోయాడు. ఆయన రాసుకున్న కాశీయాత్ర చరిత్ర మన యాత్రారచనలకి పెద్ద దిక్కు. అయితే ఆయనది బీదయాత్ర కాదు. పల్లకీ, బోయీలు, వంటవాళ్లు, వెనక పెద్ద పరివారం. మన వీపుసంచి యాత్రికులకి పూర్వీకుడు కావాలంటే వెతకాల్సింది ఆయన్ని కాదు, సద్ది కట్టుకుని వేములవాడకో కొమురెల్లికో కాలినడకన పోయిన మన ముత్తవ్వల్ని. వాళ్లు ఏమీ రాయలేదు. ఈ కాలంలో ఆ పద్ధతిలో తిరిగి రాసినవాళ్లు ఉన్నారు. నడకనే నమ్ముకుని ఆచార్య ఆదినారాయణ రాసిన భ్రమణ కాంక్ష, సిల్క్ రూట్‌లో పరవస్తు లోకేశ్వర్ చేసిన సాహస యాత్ర. పిల్లకి రెండూ ఇచ్చాను. సంచిలోని ఐదు పుస్తకాల్లో అవి లేవు.

కామారెడ్డిలో దిగి బస్టాండు దాకా నడిచాం. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడిపోయి జిల్లా కేంద్రమైన ఊరు. 2023 శాసనసభ ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి ఇద్దరూ ఇక్కడ నిలబడితే, ఇద్దర్నీ ఓడించి బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డిని గెలిపించిన ఊరు. ఆ సంగతి టీ తాగేలోపు ముగ్గురు చెప్పారు. ఊరి గొప్ప అడిగితే కోట గురించో గుడి గురించో చెప్పకుండా దాన్ని చెప్పడం నాకు నచ్చింది.

కోట లేక కాదు. పక్కనే దోమకొండ ఉంది. అక్కడి గడికోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. అదే ఏడాది ముంబై బైకుల్లా రైల్వేస్టేషన్‌కీ వచ్చింది. మేం దోమకొండ వెళ్లలేదు. పిల్ల తన ఫోన్‌లో "మొదటి రోజు చూడాల్సినవి" అని తొమ్మిది రాసుకుంది. నేను రెండు ఉంచి ఏడు కొట్టేశాను. ఉన్న రోజులో అన్నీ చూసేయాలన్నది డబ్బున్నవాళ్ల జబ్బు. ఆటో మాట్లాడుకుని తొమ్మిది చోట్లా దిగి తొమ్మిది ఫోటోలు తీసుకోవచ్చు. డబ్బు లేనివాడికి బస్సు ఎప్పుడొస్తే అప్పుడే, అందాకా ఉన్నచోటే చూడాలి.

ఉన్నచోట బెల్లం కనబడింది. చుట్టూ చెరుకు పండే నేల ఇది. కామారెడ్డి బెల్లం ఒకప్పుడు దూరదూరాలకు పోయేది. నల్లబెల్లం గుడుంబా బట్టీలకి పోతోందని కట్టడులు వచ్చాక ఆ వ్యాపారం చిక్కిపోయింది. అయినా కిరాణా కొట్టులో గోనె మీద పెట్టిన ముద్దని కత్తితో కొట్టి ఇస్తుంటే, ఆ చప్పుడుకే నోరూరుతుంది. అరకిలో బెల్లం, అరకిలో వేయించిన పల్లీలు కొన్నాం. పిల్ల సంచిలో ఒక్కొక్కటి అరవై రూపాయల ప్రోటీన్ బిళ్లలు పది ఉన్నాయి. వాటిని మా పక్కన బస్సు కోసం చూస్తున్న కాలేజీ పిల్లలకి పంచిపెట్టాం. లాపాజ్ కొండదారుల్లో కూలీలు కోకా ఆకు దవడన పెట్టుకుని గంటలకొద్దీ నడుస్తారట. మనకి ఆ పని చేసేది పల్లీ, బెల్లం.

మధ్యాహ్నం భోజనం హోటల్లో. స్టీలు పళ్లెం, పప్పు, రెండు కూరలు, సాంబారు, పెరుగు, అన్నం ఎంత పెట్టుకుంటే అంత. "ఇదే చిన్నమ్మా ఆల్ముయెర్సో" అంది పిల్ల, ఏదో కనిపెట్టినట్టు. కనిపెట్టిందే. ఏ ఊళ్లోనైనా పన్నెండున్నరకి పనివాళ్లు ఎక్కడ వరుస కడతారో అక్కడ తినాలి. అక్కడ కూర పొద్దుటిది కాదు, ధర మోసం కాదు. ఇది లాపాజ్ గైడు పుస్తకాల్లో రాసి ఉంటుంది. కామారెడ్డిలో ఎవరూ రాయరు, ఆటోవాళ్లు ఎక్కడ ఆగారో చూస్తే చాలు.

* * *

సాయంత్రం అసలు పరీక్ష వచ్చింది. మొదటి లాడ్జిలో కౌంటర్ దగ్గరున్నాయన మా ఇద్దర్నీ చూసి, మా వెనక తలుపు వైపు చూశాడు, ఇంకెవరో వస్తారన్నట్టు. ఎవరూ రాలేదు.

"జెంట్స్ ఎవరూ లేరా మేడమ్?"

"లేరు."

"మరి దేనికొచ్చిన్రు?"

"చూడ్డానికి."

"ఏం చూడనీకి?" ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు, నిజంగానే అర్థం కాలేదు. ఆధార్ కార్డులు ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఎవరికో ఫోన్ చేశాడు. చివరికి "రూములు లేవు" అన్నాడు. అతని వెనక మేకులకి తాళాలు వేలాడుతున్నాయి. పిల్ల వాటిని లెక్కపెట్టి "పదకొండు" అని గట్టిగానే అంది. వాదించొద్దని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. వాదిస్తే గెలిచేదాన్నేమో. కానీ గెలిచి ఆ గదిలోనే నిద్రపోవాలి.

రెండో చోట గది దొరికింది, ఎనిమిది వందలు. మూడు వేలలో నాలుగోవంతు పైగా ఒక్క రాత్రి పడకకే పోయింది. లాపాజ్ అయితే ఒంటరి ఆడపిల్ల ఆడవాళ్ల గదిలో మంచం అడిగి తీసుకుంటుంది, ఆమె వెనక తలుపు వైపు ఎవరూ చూడరు. ఈ ఒక్క విషయంలో బొలీవియా మన కంటే సులువు. మా అక్క భయమంతా అక్కడి గురించి, ఇక్కడి గురించి ఆమెకి భయం లేదు. రెండు భయాలూ తారుమారయ్యాయని ఆ రాత్రి ఫోన్‌లో చెబుదామనుకుని, చెప్పకుండా పడుకున్నాను.

అయితే ఇంకో విషయంలో తెలంగాణ లాపాజ్‌ని కొట్టేస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా రూపాయల కాగితం చింపి ఇస్తాడు. జీరో టికెట్ అంటారు. ప్రపంచంలో ఏ మూల తిరిగే వీపుసంచి యాత్రికురాలికీ ఇంతకన్నా చవక ప్రయాణం దొరకదు. పిల్ల ఆ మూడు రోజుల జీరో టికెట్లన్నీ పుస్తకంలో అతికించుకుంది.

ఆ జీరో టికెటే మర్నాడు మమ్మల్ని కాపాడింది. పొద్దున బస్టాండులో బోర్డు మీద "ఎల్లారెడ్డి" దాకా చదివి పిల్ల ఎగిరి ఎక్కేసింది. వెనకే నేనూ. ఊరు దాటి, ఎండ రావాల్సిన వైపు కాకుండా ఎదురుగా వస్తుంటే అనుమానమొచ్చింది. కండక్టర్ వచ్చాడు.

"ఎల్లారెడ్డి రెండు" అంది పిల్ల.

"ఏ ఎల్లారెడ్డి?"

"ఎన్నున్నయి?"

కండక్టర్ డబ్బుల సంచి చంకకి సర్దుకుని వేళ్లు మడిచాడు. "గిది సిరిసిల్ల బస్సు. ఎల్లారెడ్డిపేటకు పోతది. అడ్లూర్ ఎల్లారెడ్డి అంటే గటు సదాశివనగర్ దిక్కు, హైవే మీద. మీకు కావాల్సింది తాలూకా ఎల్లారెడ్డా? అయితే లింగంపేట బస్సు ఎక్కాలె. దిగున్రి, మాచారెడ్డిల దిగి ఎనుకకు పోన్రి."

మాచారెడ్డిలో దిగి గంటసేపు వేపచెట్టు కింద కూర్చున్నాం. పైసా పోలేదు, పొద్దు మాత్రం ఎక్కింది. లాపాజ్‌లో మినీబస్సుల కిటికీలోంచి ఒకరు తల బయటపెట్టి దారిలో వచ్చే పేటల పేర్లన్నీ ఒకే ఊపిరిలో అరుస్తుంటారట. ఆ భాష అర్థం కాకపోతే ఎలా అని పిల్ల బెంగ. సొంత భాషలో, పెద్ద అక్షరాల్లో రాసి ఉన్న బోర్డు సగమే చదివి ఎక్కినదానికి స్పానిష్ ఒక లెక్కా అన్నాను. అలిగింది. అలిగి, మెడ దిండు తీసి వేపచెట్టు కింద టీ అమ్మే ముసలవ్వకి ఇచ్చేసింది. అవ్వ దాన్ని తలకి చుట్టుకుని చూసి, మోకాలి కింద పెట్టుకుంది. సరిగ్గా సరిపోయింది.

* * *

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి నలభై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో లింగంపేట. అక్కడ దిగకుండా పోతే పాపమే, ఎందుకంటే నాగన్న బావి అక్కడుంది. జక్సాని నాగన్న తవ్వించాడని చెప్పుకునే పాత మెట్లబావి. ఏళ్ల తరబడి చెత్తతో, పూడికతో పడి ఉంటే, హైదరాబాదులో బన్సీలాల్‌పేట బావిని బతికించిన ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ ఇక్కడా చెయ్యి వేశారు. బన్సీలాల్‌పేట బావి 2022 డిసెంబర్‌లో తెరుచుకుంది, దాని ముందు ఇప్పుడు జనం సెల్ఫీలకి వరుస కడతారు. లింగంపేట బావి దగ్గర మేం వెళ్లినప్పుడు మేమూ, రెండు పావురాలు, బడి ఎగ్గొట్టిన ఒక పిల్లాడు.

దిగుతుంటే ఎండ ఒక్కో మెట్టు దగ్గర ఆగిపోతుంది. పది మెట్ల కింద చెమట ఆరిపోయింది. ఇంకో పది దిగితే గొంతు మారింది. మనం మాట్లాడిన మాట గోడకి తగిలి, తడిసి, వెనక్కి వస్తుంది. రాతిని రాతికి సున్నం కనబడకుండా కూర్చిన తీరు చేత్తో తడిమి చూడాల్సిందే. మెట్ల అంచులు మధ్యలో అరిగి ఉన్నాయి, బిందెతో ఎక్కిన ఆడవాళ్ల పాదాలకి. పిల్ల తన బూటు విప్పి ఆ అరుగుదల్లో పాదం పెట్టింది. అచ్చంగా పట్టింది. పైకి ఎక్కేటప్పుడు పన్నెండు కిలోల సంచితో మూడుచోట్ల ఆగింది. "లాపాజ్‌ల గూడ మెట్లేనట" అని తనలో తనే అనుకుంది. ఆ సాయంత్రం ఒక జత బూట్లు, మూడు పుస్తకాలు తగ్గాయి.

ఎల్లారెడ్డి రోడ్డు మీద లింగంపల్లి ఖుర్దు దగ్గర బస్సు నెమ్మదించింది. 2025 ఆగస్టు 27, వినాయక చవితి నాడు మొదలైన వాన ఈ జిల్లాని ముంచింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, రైలుపట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, ఇక్కడ వాగు వంతెనని తీసుకుపోయింది. బస్సులో ఆడవాళ్లంతా కిటికీల వైపు తిరిగి ఒక్కసారిగా మాట్లాడారు. ఎవరి బర్రె పోయింది, ఎవరి పొలంలో ఇసుక మేట వేసింది, ఎవరింటి మండపంలో వినాయకుడు మూడు రోజులు ఒంటరిగా ఉన్నాడు. వాగు దాటగానే మాటలు ఆగిపోయాయి.

* * *

ఎల్లారెడ్డిలో మా వదిన పుట్టింటివాళ్లు ఉన్నారు కాబట్టి రెండో రాత్రి లాడ్జి గొడవ లేదు. విదేశీ యాత్రికులు ముక్కూమొహం తెలియనివాళ్ల సోఫా మీద ఉచితంగా పడుకునే ఏర్పాటొకటి కంప్యూటర్లో కనిపెట్టి మురిసిపోతుంటారు. మనకి అది చుట్టరికం పేరుతో ఎప్పటినుంచో ఉంది. పూర్తిగా ఉచితం మాత్రం కాదు. పండ్లు, పిల్లలకి బిస్కెట్లు, మిఠాయి కలిపి రూ.260 అయింది. దానికి తోడు ఇంటిల్లిపాది ముందు కూర్చుని "ఇంకా పెండ్లి జేస్తలేరా పిల్లకు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఈ ఖర్చు ఏ బడ్జెట్ పట్టికలోనూ ఉండదు.

పొద్దున్నే ఆ ప్రశ్న రెండో విడతకి ముందే బయటపడి బస్టాండు దగ్గర టీ కొట్టుకి చేరాం. అక్కడ దొరికాడు మా అసలు గురువు. యాభై దాటిన మనిషి, తెల్లబడ్డ మీసం, చేతిలో పాల గిన్నె. కొట్టు గోడకి అరబ్బీ అక్షరాల పాత క్యాలెండర్.

"దుబాయా అన్నా?" అని అడిగాను. ఈ వైపు ఏ గల్ఫ్ దేశం పోయినా ముందు దుబాయే అనాలి.

"బహ్రెయిన్, చెల్లె. మనామా. పదకొండేండ్లు."

మనామా బహ్రెయిన్ రాజధాని. అప్పుడు నాకు తట్టింది. పరాయి దేశపు రాజధానిలో, భాష రాకుండా, చేతిలో పైసలు లేకుండా ఎలా బతకాలో తెలిసినవాళ్లు కావాలంటే కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య ఏ బస్సెక్కినా దొరుకుతారు. మనామా, మస్కట్, దోహా, కువైట్ సిటీ, రియాద్, అబుదాబి, అన్నీ రాజధానులే. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ల మగవాళ్లు రెండు మూడు తరాలుగా అక్కడ ఉన్నారు. ఎనిమిది మంది గదిలో ఒక మంచం మా పిల్లకి సరదా. ఈయనకి దాని పేరు బెడ్‌స్పేస్.

పిల్ల స్టూలు దగ్గరికి లాక్కుంది. ఆయన టీ వడగడుతూ చెప్పాడు. జీతం తొంభై దినార్లు, మంచానికి పన్నెండు, మెస్సుకి పదిహేను. గదిలో ఎనిమిది మంది, రెండంతస్తుల మంచాలు. వంట వంతులవారీ. ఒకడు వండుతాడు, ఏడుగురు తింటారు, మర్నాడు వేరేవాడు. వంట రానివాడు గిన్నెలు కడిగి బాకీ తీర్చుకోవాలి. పొద్దున కుబూస్ రొట్టె. అది సర్కారు ధరకి దొరికేది, ఎండినా నీళ్లు చల్లి వేడి చేస్తే మెత్తబడేది. "కింది మంచం తీసుకోవద్దు బిడ్డా. అందరూ అండ్లనే కూసుంటరు. పై మంచం ఎక్కితె నీది నీకే."

పిల్ల రాసుకోవడం మొదలుపెట్టింది. మొదటి వారం ఏదీ కొనొద్దు, ధరలు తెలిసేదాకా. పైసలు మూడు చోట్ల పెట్టుకో, ఒక చోటుది ఎవరికీ, నీకు కూడా గుర్తు రాకూడదు. పాస్‌పోర్ట్ నకలు ఇంట్లో ఒకటి, సంచిలో ఒకటి, తెలిసినవాళ్ల ఫోన్లో ఒకటి. "అసలుది ఎవరికియ్యకు. నాది కఫీల్, అంటే పనిచ్చిన యజమాని, తీసుకున్నడు, పదకొండేండ్లల్ల నా చేతుల ఉన్నది ఎన్ని దినాలో వేళ్ల మీద లెక్కపెడత." వాళ్ల గదిలో ఒకతను కఫీల్ దగ్గర పడలేక బయటికొచ్చి కల్లివెల్లి అయ్యాడట. చట్టం లెక్కలో లేని మనిషి. అతన్ని ఏడుగురూ వంతు వేసుకుని ఎనిమిది నెలలు సాకి, సర్కారు క్షమాభిక్ష, ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు ఇంటికి పంపారు. ఆ మాట చెబుతూ పొయ్యి మంట తగ్గించాడు, పాలు పొంగబోతుంటే.

"ఇంతకు నువ్వు పోయేదేడికి బిడ్డా?"

"బొలీవియా, పెదనాయనా."

"ఏ కంపెనీ?"

"కంపెనీ లేదు."

"ఆజాద్ వీసానా?" ఒక్క యజమానికి కట్టుబడని వీసానా అని.

"కాదు. చూడనీకి పోతున్న."

గిన్నె దించాడు. "మూడు లక్షలు పెట్టి? చూడనీకి?" లాడ్జి మనిషి అడిగిన మాటే, కానీ గొంతు వేరు. పిల్ల ఫోన్ తీసి లాపాజ్ చూపించింది. గిన్నెలాంటి లోయ, ఇటుకరంగు ఇళ్లు, పైన మంచు కొండ, తీగెల మీద పోయే డబ్బాలు. అక్కడ గాలి పలచన, దిగగానే తల తిరుగుతుందని చెప్పింది. ఆయన చాలాసేపు చూశాడు. "అయితె మొదటి రెండు దినాలు పని జెయ్యకు. పండుకో. మేం గూడ ఎండల దిగినంక గట్లనే జేస్తుంటిమి" అన్నాడు.

తర్వాత పిల్ల మనామా గురించి వెతికింది. ఊరికి దగ్గర్లోనే సముద్రం ఒడ్డున కోట ఉంది, కలాత్ అల్ బహ్రెయిన్. కోట కింది దిబ్బలో నాలుగు వేల ఏళ్ల కిందటి దిల్మున్ నాగరికత ఆనవాళ్లు, 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న చోటు. బొమ్మ చూపించి "ఇది చూసినవా పెదనాయనా?" అంది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "ఈ కోట... దీని దిక్కు బస్సు పోయేది. శుక్రారం శుక్రారం పోదామనుకునేది. శుక్రారం బట్టలు ఉతుక్కునుడు, ఇంటికి ఫోనుజేసుడు అయితుండె." అద్దాలు తీసి తువ్వాలుతో తుడిచాడు. "పదకొండేండ్లు ఉన్న గానీ, చూడనీకి పోలే గద."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. నిజాంసాగర్ బస్సు వచ్చి వెళ్లిపోయింది.

* * *

ఆ బస్సు వెళ్లిపోవడం వల్లే నిజాంసాగర్ మా లెక్కలోంచి పోయింది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ప్రాజెక్టు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరింగ్, చూడదగ్గది. ఆటో తొమ్మిది వందలు అడిగాడు. పిల్లే వద్దంది. మొదటి రోజైతే ఇచ్చేసేది.

బదులుగా మెదక్ వైపు బస్సెక్కి పోచారం దగ్గర దిగి, షేర్ ఆటోలో చెరువు దగ్గరికి పోయాం. ఆలేరు వాగుకి అడ్డంగా 1916లో మొదలుపెట్టి 1922లో ముగించిన కట్ట. నిజాం కాలపు రాయి, సున్నం. ఆ చవితి వానకి వరద కట్ట మీదుగా దూకి, పక్కన నేలని కోసేసి, ఇక తెగుతుందని కింది ఊళ్లన్నీ రాత్రంతా మేలుకున్నాయి. తెగలేదు. నూరేళ్లు దాటిన గోడ నిలబడింది. మేం వెళ్లేసరికి నీళ్లు నిశ్శబ్దంగా ఉన్నాయి. చుట్టూ అడవి, అభయారణ్యం, దూరంగా జింకలు. కట్ట మీద కూర్చుని మిగిలిన పల్లీ, బెల్లం తిన్నాం. పిల్ల లెక్క రాసింది. రైలు 180, లాడ్జి 800, మొదటి రోజు తిండి, బెల్లం 320, రెండో రోజు 200, పండ్లు, మిఠాయి 260, మూడో రోజు తిండి 230, ఆటో 150. బస్సులు సున్నా. మొత్తం 2,140. చేతిలో 860.

"కోట దిక్కు బస్సు పోయేదట చిన్నమ్మా" అంది ఉన్నట్టుండి.

టీ కొట్టు దగ్గర బయల్దేరేటప్పుడు ఒకటి జరిగింది. పిల్ల సంచి వీపుకెత్తుకోబోతే ఆయన ఆగమని, పట్టీ చేత్తో పట్టుకుని నేలమీంచి జానెడు లేపి, రెండు క్షణాలు అలాగే ఉంచి దించాడు. విమానాశ్రయంలో కిలో ఎక్కువైతే జరిమానా కట్టాల్సిన మనుషులు వాళ్లు. ఇంటికొచ్చే ప్రతిసారీ గదిలో అందరి పెట్టెలూ ఈయనే ఎత్తి చూసి చెప్పేవాడట, తూకం అక్కర్లేకుండా. "తొమ్మిదిన్నర" అన్నాడు. "ఇంక రెండు కిలోలు తియ్యాలె."

హైదరాబాదులో దిగాక, ఇంటి సందు మొదట్లో ఉన్న కిరాణా కొట్టులో బియ్యం తూచే కాటా మీద పెట్టాం. తొమ్మిది కిలోల ఆరు వందలు.